తొమ్మిది నిమిషాలు

పుస్తకంలో రెండు గీతల మధ్య రాసుంది:
దూరం ముప్పై ఒక్క కిలోమీటర్లు,
ప్రయాణం తొమ్మిది నిమిషాలు.
నేను కొలిచింది కాదు.
నాకు ముందు ఈ కాటా దగ్గర కూర్చున్నవాడు
వాడికి ముందువాడి రాత చూసి రాశాడు.

నా పని తూచడం.
పాపువా కొండల్లో ఏటవాలు గడ్డిచెక్క మా విమానాశ్రయం,
కింది అంచు దాటితే నేల లేదు.
పందులేమైనా అడ్డొచ్చాయేమోనని
పైలట్ ఓసారి చుట్టు తిరిగి గానీ దిగడు.
చిలగడదుంపలు తూస్తాను, కాఫీ బస్తాలు తూస్తాను,
పెళ్లికూతుర్ని తూస్తాను,
శవాన్నీ తూస్తాను. శవానికి సరుకు ధర,
వెంట ఏడ్చేవాళ్లకి మనుషుల ధర.

తేటగా ఉన్న ఉదయాల్లో
లోయకి ఆవల ఫెరాబిప్ రన్‌వే కనిపిస్తుంది,
గోటితో గీకినట్టు.
కూతవేటు దూరమే అనుకుంటారు కొత్తవాళ్లు.
కూత వేసి చూడండి,
సగం లోయలోనే మబ్బు మింగేస్తుంది.

ఆ బుధవారం తినాంనోక్ వచ్చింది.
అవతల చెల్లెలు మంచాన పడిందని కబురు.
నుదుటి మీంచి వీపుకి వేలాడే నారసంచీ,
అందులో తారో దుంపలు,
దుంపల మీద కాళ్లు కట్టిన కోడిపెట్ట.
కాటా ఎక్కింది. నలభై మూడు.
"కోడితోనా?"
"కోడితోనే."
"అయితే బాగా చిక్కాను."

పుస్తకంలో ఏముందో చదివి చెప్పమంది. చెప్పాను.
వక్కతో ఎర్రబడ్డ పళ్లన్నీ కనబడేలా నవ్వింది.
"నమిలిన వక్క ఊసేలోపా?
ఎవడు నడిచాడురా ఈ లెక్క?"

ఆవిడ లెక్క వేరు.
చీకటితో బయల్దేరితే జలగల వాగు దగ్గర ఎండ తగులుతుంది.
తీగల వంతెన ఒక్కొక్కరే దాటాలి,
ముందువాళ్లు దాటేదాకా ఇవతల కబుర్లు.
రాత్రికి గూడులా వంగిన రాయి కింద పడక.
పుట్టింటికి పోతూ ఒకసారి
అక్కడే, వాన వెలిసేలోపు, కూతుర్ని కంది.
ఆ పిల్లకి ఆ రాయి పేరే.
రెండో పొద్దంతా ఎక్కుడు.
కొనమీద పొగ కనబడగానే కేక వెయ్యాలి,
వాళ్లు తిరుగుకేక వేసి
నిప్పుల్లో దుంపలు పడేస్తారు.
"దుంప కాలేంత దూరం మిగిలుండాలి," అంది.
"లేకపోతే నేను వస్తున్నానని వాళ్లకెలా తెలుస్తుంది?"

మా మాటలో బలూస్ అంటే పావురం, బలూస్ అంటే విమానం.
పావురం కడుపులో కూర్చుంది తినాంనోక్.

యోరిస్, ఆ డచ్చి పైలట్, మర్నాడు చెప్పాడు:
సంచీ ఒళ్లో సర్దుకోవడం పూర్తయ్యేసరికి దిగాం.
రాయి ఏదని మధ్యలో అడిగింది,
కింద అంతా మబ్బు, దాటేశాం అన్నాను.
తలుపు తీశాక కూడా లేవలేదు.
ఇంకా రాలేదు కదా, అంది.

శుక్రవారం తిరుగు సీటు ఆవిడ పేరు మీద ఉంది.
ఆ సీట్లో గుమ్మడికాయలు వచ్చాయి.

ఆపై మంగళవారం మధ్యాహ్నం
గడ్డిచెక్క కింది అంచున, నేల లేదన్నానే, అక్కడ,
ముందు ఒక తల లేచింది.
మోకాళ్ల దాకా బురద.
ముఖానికి పూసుకున్న తెల్లమట్టి వానకి సగం కారింది.
చెల్లెలి సంగతి నేను అడగలేదు.

టికెట్టు బల్లమీద పెట్టింది,
అరచేతుల్లో తడిసి మెత్తనైంది.
"డబ్బు తిరిగి రాదు," అన్నాను, రూలు అలా ఉంది.
"డబ్బెవడికి కావాలి.
ఆ రాయి దగ్గర రెండు రాత్రులున్నాను.
రాసుకో."

ఎక్కడ రాయాలో వెతుకుతున్నాను.
వాడికి ముందువాడు ఆ గడి గియ్యలేదు.

ఈలోగా, ఎవరూ అడక్కుండానే, కాటా ఎక్కింది.
కోడి లేదు. దుంపలు లేవు. సంచీ చప్పగా వేలాడుతోంది.
ముల్లు నలభై మూడు దగ్గర ఆగింది.

పాత కాటా.
వానాకాలంలో ముల్లు అతుక్కుంటుంది.